ఎసట్లో పడని పిడికెడు

మిజోరంలోకి ఇప్పుడు రైలు వెళుతోంది. 2025 సెప్టెంబరు 13న బైరబీ నుంచి సైరంగ్ దాకా 51 కిలోమీటర్ల దారి తెరిచారు. సొరంగంలోంచి బయటపడి వెలుతురు చూసేలోపే మరో సొరంగం. మధ్యలో కుతుబ్ మీనార్‌ను మించిన ఎత్తున నిలిచిన వంతెన స్తంభాలు, అడుగున వెదురు పొదలతో నిండిన లోయలు. గోదావరి లంకల పచ్చదనం బల్లపరుపుగా పరుచుకుంటుంది. ఇక్కడి పచ్చదనం నిట్టనిలువుగా ఉంటుంది, దాన్ని తలెత్తి చూడాలి. సైరంగ్ దగ్గర త్లౌంగ్ నది బురద రంగు నీళ్లతో నెమ్మదిగా పారుతుంది. 1894 జనవరి 11న ఇద్దరు ఇంగ్లీషు యువకులు, జె.హెచ్. లొరెయిన్, ఎఫ్.డబ్ల్యూ. శావిజ్, పడవలో ఎదురీది వచ్చి దిగింది ఇక్కడే. మిజోరంలో నేటికీ ఆ తేదీ సెలవు దినం. ఒక మతం వచ్చిన రోజును రాష్ట్రమంతా పండుగగా జరుపుకోవడం వింతగా తోచవచ్చు కానీ, 2011 జనగణనలో ఆ రాష్ట్రంలోని పదకొండు లక్షల మందిలో 87 శాతం క్రైస్తవులని గుర్తుంచుకుంటే ఆ సెలవుకు అర్థం తెలుస్తుంది.

ఆ యువకుల ఖర్చు భరించిన మనిషి మిజో కొండలను ఎన్నడూ చూడలేదు. ఇంగ్లండులోని లీడ్స్‌కు చెందిన రాబర్ట్ ఆర్థింగ్టన్ కోటీశ్వరుడు. పెద్ద ఇల్లుండీ ఒక్క గదిలో బతికాడు, పొరుగువాళ్లు పిసినారి అన్నారు. 1900లో ఆయన పోయాక తేలింది, సుమారు పది లక్షల పౌండ్ల ఆస్తిలో చాలా భాగం మిషన్ పనికి రాసి పెట్టాడని. తెలుగు బైబిలు వాడే మాటలో చెప్పాలంటే ఆయన గృహనిర్వాహకుడు. అంటే ఇంటి యజమాని కాదు, యజమాని సొత్తుకు లెక్క చెప్పవలసినవాడు. అయితే ఆర్థింగ్టన్‌కు ఒక పట్టుదల ఉండేది. మిషనరీ ఒకచోట వేళ్లూనకూడదు, చెప్పవలసింది చెప్పి ముందుకు సాగిపోవాలి అని. అందుకే ఇద్దరూ నాలుగేళ్లకే కొండలు వదలవలసి వచ్చింది. ఆ నాలుగేళ్లలో వాళ్లు ఎక్కువగా చేసింది అక్షరాలు కూర్చడం. మిజో భాషకు రోమన్ లిపిలో వర్ణమాల తయారైంది, లూకా, యోహాను సువార్తలూ అపొస్తలుల కార్యాలూ అనువాదమయ్యాయి, 1898లో లొరెయిన్ నిఘంటువు అచ్చయింది. డబ్బు ఇచ్చినవాడు తొందరపడ్డాడు, ఆ డబ్బుతో వచ్చినవాళ్లు ఓపిక పట్టారు. తలాంతుల ఉపమానాన్ని మన ప్రసంగీకులు ఎప్పుడూ డబ్బు లెక్కగానే చెబుతారు. యజమాని ఇచ్చినవాటిలో కాలం కూడా ఒకటని సైరంగ్ రేవు గుర్తు చేస్తుంది.

సైరంగ్ నుంచి ఐజ్వాల్ ఇరవై కిలోమీటర్ల చిల్లర, అంతా మలుపుల ఎక్కుడే. ఊరు శిఖరాల అంచుల వెంట వేలాడుతున్నట్టుంటుంది. వీధివైపు నుంచి చూస్తే ఒక అంతస్తు, లోయవైపు నుంచి చూస్తే అయిదు. ఇరుకు రోడ్ల మీద కార్లు, స్కూటర్లు బారులు తీరి నిలుచుంటాయి, హారన్ మోగదు. ఎవరూ పక్క వరుసలోకి దూరరు. హైదరాబాదు నుంచి వచ్చిన చెవికి ఈ నిశ్శబ్దం మొదట అనుమానం కలిగిస్తుంది, ముందెక్కడో ప్రమాదం జరిగిందేమోనని. ఆదివారం దుకాణాల తలుపులు మూతపడతాయి, వీధుల్లో పుఆన్ అనే నేత గుడ్డ కట్టుకున్న ఆడవాళ్లు, కోట్లు తొడుక్కున్న మగవాళ్లు గుడి నుంచి ఇంటికి, ఇంటి నుంచి గుడికి నడుస్తుంటారు. ఇళ్ల కప్పులు రేకులవి, వాటి అంచుల వెంట గొట్టాలు, గొట్టాల కింద నీళ్ల తొట్లు. ఏడాదికి రెండున్నర వేల మిల్లీమీటర్ల దాకా వాన పడే చోట నీటికి కరువేమిటని అడగబోతాం. కొండమీద కురిసిన వాన కొండమీద నిలవదు కదా. త్లౌంగ్ నీటిని అంత ఎత్తుకు తోడిపోయాలి, లేదా పైనుంచి పడ్డదాన్ని కప్పుమీదే ఒడిసిపట్టాలి. వచ్చినప్పుడు పట్టి దాచినవాడికే తరువాత ఉంటుందన్న బుద్ధి ఈ ఊళ్లో నీళ్ల తొట్టిలోనే ఉంది. మిజో వంటింట్లోని బియ్యం డబ్బాను చూసేటప్పుడు ఈ తొట్టి గుర్తుండాలి.

మిజోల భోజనం రోజుకు రెండు పూటలు. ఉదయం ఎనిమిది తొమ్మిదింటికి ఒకటి, పొద్దు గూట్లో పడేలోపు మరొకటి. దేశమంతటికీ ఒకే గడియారం కావడంతో ఈ తూర్పు కొండల మీద సాయంత్రం అయిదుకే చీకటి పడే నెలలున్నాయి. అన్నంలోకి బాయ్ అనే ఉడికించిన ఆకుకూరలు, పొగబెట్టిన పంది మాంసం, వెదురు కొమ్ములు. కారం పక్కన విడిగా పచ్చడిలా వస్తుంది. పోపు లేదు, చింతపండు లేదు. ఆంధ్రా నాలుక మొదటి రోజు ఇది కూరా, కషాయమా అని గింజుకుంటుంది. మూడో రోజుకు ఆకు రుచి ఆకుగా తెలియడం మొదలవుతుంది. అయితే ఈ పొయ్యి దగ్గర చూడవలసింది కూర కాదు. ఎసట్లో బియ్యం పోసేముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి పక్కనున్న డబ్బాలో వేస్తుంది. దాన్ని బుహ్‌ఫై థమ్ అంటారు. బుహ్‌ఫై అంటే బియ్యం, థమ్ అంటే పిడికెడు. పొద్దున పూటా అంతే, సాయంత్రం పూటా అంతే. డబ్బా నిండాక సంఘపు స్త్రీలు ఇంటింటికీ వచ్చి పోగుచేస్తారు, దాన్ని అమ్మగా వచ్చిన సొమ్ము దేవుని పనికి చేరుతుంది. ఈ అలవాటు 1910లో మొదలైంది. నేడు ఏటా కోట్ల రూపాయల మాట.

దీని బలం ఎక్కడుందో తెలియాలంటే లెక్క వేసి చూడాలి. పిడికెడును యాభై గ్రాములనుకుందాం. రెండు పూటలకు వంద గ్రాములు, ఏడాదికి 36 కిలోల చిల్లర. లక్ష ఇళ్లు ఇదే పని చేస్తే మూడున్నర వేల టన్నులు దాటుతుంది. ఈ లెక్కలో ఎక్కడా ధనవంతుడు లేడు. ఉదారత లేదు, ఉద్రేకం అసలే లేదు. కూటాల చివర సంగీతం తగ్గించి కన్నీళ్లతో అడిగే కానుక ఒకటి మనకు తెలుసు, అది మనసు కరిగిన మేరకు వస్తుంది, మనసు గట్టిపడగానే ఆగిపోతుంది. బుహ్‌ఫై థమ్‌కు మనసు కరగనక్కరలేదు, ఎసరు కాగితే చాలు. నా వాదన ఇదే. నమ్మకమైన గృహనిర్వాహకత్వం దాతృత్వం కంటే పొదుపైన గుణం, దాని ప్రాణం మొత్తంలో లేదు, వరసలో ఉంది. ముందు తీసి పెట్టి తరువాత వండుకోవడమా, ముందు తిని మిగిలితే ఇవ్వడమా అన్నదే అసలు తేడా. మిగిలినదాంట్లోంచి ఇచ్చేవాడు ఎంత ఇచ్చినా యజమానిగానే ఇస్తాడు, తన సొత్తులోంచి దయగా. వండకముందే తీసిపెట్టే మనిషి ఆ బియ్యం మొత్తం తనది కాదని పూటపూటకూ చేత్తో ఒప్పుకుంటుంది. చేతికి అలవాటైన ఒప్పుకోలు ప్రసంగం వినకపోయినా నడుస్తుంది.

ఇదేమీ కొత్తది కాదు, ప్రతి సమాజంలోనూ ఉన్నదే అనవచ్చు. నిజమే, ఉన్నదే. మిజోల దగ్గరే మిషనరీల కంటే ముందు గ్రామాధిపతికి వడ్లలో వంతు ఇచ్చే ఫథాంగ్ ఉండేది, వేటలో ఒక వంతు ఆయన ఇంటికి చేరేది. ఆ పెత్తనం 1954లో చట్టంతో పోయింది. మన పల్లెల్లో కళ్లం దగ్గర చాకలికి, మంగలికి, కమ్మరికి మేర కొలిచేవారు. సంక్రాంతికి హరిదాసు తలమీది పాత్రలో పిల్లలు పిడికెడు బియ్యం పోస్తారు. కానీ వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కనబడుతుంది. ఫథాంగ్ పన్ను, ఇవ్వకపోతే అడిగేవాడున్నాడు. మేర ఏడాది చాకిరీకి ప్రతిఫలం. హరిదాసు గుమ్మంలోకి వచ్చి పాడాక గింజ పడుతుంది. వంటింటి డబ్బా ముందు ఎవరూ నిలబడరు. ఎంత పిడికిలి తీశావు, గట్టిగా మూశావా వదులుగా పట్టావా అని కొలిచే మనిషి లేడు. లెక్క అడిగేవాడు కళ్లముందు లేనప్పుడు ఇచ్చేదే గృహనిర్వాహకుడి పరీక్ష. మిజో స్త్రీలు అధిపతికి ఇచ్చిన అలవాటును కనబడని అధిపతికి మళ్లించారంటే కొందరు చిన్నబుచ్చుకుంటారు కానీ, నాకది చిన్న మాటగా తోచదు.

ఐజ్వాల్ దాటి దక్షిణంగా లుంగ్లేయ్ వైపు పోయే రోడ్డు సెలింగ్ దాకా మబ్బుల్లో నడుస్తుంది. రోడ్డు పక్కన వెదురు పందిళ్లు, వాటి కింద గుమ్మడికాయలు, నారింజలు, ఆకుకూరల కట్టలు, సీసాల్లో పళ్ల రసాలు. అట్టముక్క మీద ధరలు రాసుంటాయి. ఒక డబ్బాలో డబ్బు వేయాలి, పక్క డబ్బాలోంచి చిల్లర తీసుకోవాలి. అమ్మే మనిషి మాత్రం ఉండడు. వీటిని ఙా లౌ దోర్ అంటారు, కావలి లేని కొట్టు. పొలం కొండ కింద ఎక్కడో ఉంటుంది, బుట్టెడు కాయలకు ఒక మనిషి రోజంతా ఇక్కడ కూర్చుంటే అక్కడ పని ఆగుతుంది. మనుషుల్ని నమ్మడం ఇక్కడ నీతి పాఠం కాదు, పేద రైతు రోజును ఆదా చేసే ఏర్పాటు. నమ్మకానికి ఆర్థిక విలువ ఉంటుందని అర్థశాస్త్ర పుస్తకాల్లో పేజీలు రాస్తారు. ఇక్కడ అది గుమ్మడికాయ పక్కన ప్లాస్టిక్ డబ్బాలో ఉంది. వంటింటి డబ్బాకూ రోడ్డు పక్క డబ్బాకూ మధ్య చుట్టరికం స్పష్టం. చూసేవాళ్లు లేకుండా పిడికెడు తీసే చేతికి, చూసేవాళ్లు లేకుండా ఇరవై రూపాయలు వేయడం కష్టం కాదు.

ఇదంతా క్రైస్తవం వల్లనే అని చెబితే మిజోలే ఒప్పుకోరు. త్లోమ్‌ఙైహ్నా అనే మాట వాళ్లకు పాతది. తనకంటే ముందు ఎదుటివాడిని చూడటం, కష్టమైన పనికి పిలవకుండానే ముందుకు రావడం, చేశాక చెప్పుకోకపోవడం, అన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. ఎవరైనా చనిపోతే యువకులు గొయ్యి తవ్వుతారు, ఊరంతా శవం ఉన్న ఇంటికి చేరి రాత్రి పాటలు పాడుతుంది. 1935లో పుట్టిన యంగ్ మిజో అసోసియేషన్ ఈ పనులకు నేటి రూపం. సువార్త ఇక్కడ బంజరు నేలలో పడలేదు. అది పడిన నేల కూడా దేవుడిచ్చిన వరమే అనుకునే క్రైస్తవుడికి ఇందులో ఇబ్బందేమీ ఉండనక్కరలేదు. తాతలు ఇచ్చినదాన్ని పారేయకుండా కొత్త పనికి పెట్టడం కూడా నిర్వాహకత్వమే.

గట్టి అభ్యంతరం ఒకటుంది. ఇది పేదవాడి కంచంలోంచి తీసి సంఘానికి పెట్టడం కాదా? ఊరంతా ఇచ్చేచోట ఇవ్వనని ఎవరనగలరు? ఒకే మతం, ఒకే సంఘం, ఒకే వీధి ఉన్న సమాజంలో స్వచ్ఛందం అనే మాటకు బరువు తక్కువే, అది కాదనలేను. సంఘం మాట చట్టం దాకా వెళ్లిన సందర్భాలూ ఉన్నాయి. మద్యనిషేధం అక్కడ వచ్చింది, సడలింది, 2019లో మళ్లీ వచ్చింది, ప్రతి మలుపులోనూ చర్చి గొంతు వినబడింది. కానీ పిడికిలి విషయంలో ఆ ఒత్తిడికి ఒక హద్దుంది. పదో వంతు అడిగినప్పుడు ఆదాయం చెప్పాలి. పిడికెడు అడిగినప్పుడు ఏదీ చెప్పనక్కరలేదు. పేదరాలి పిడికిలీ ఉన్నదాని పిడికిలీ దాదాపు ఒకటే, డబ్బాలో పడ్డాక ఏ గింజ ఎవరిదో దేవుడికి తప్ప తెలియదు. చందా పుస్తకంలో పేర్ల పక్కన అంకెలు వేసి వేదిక మీద చదివే మన పద్ధతి పేదవాడిని ఎక్కువ నొప్పిస్తుంది. విధవరాలి రెండు కాసుల కథ మనం ఎంత ఇష్టంగా చెప్పుకుంటామో అంత ఇష్టంగా రసీదు పుస్తకాలు కూడా అచ్చు వేయించుకున్నాం.

పేదరికం మాట వచ్చింది కనుక ఇంకొక సంగతి. ఇక్కడి కొండలను కప్పిన వెదురు 48 ఏళ్లకొకసారి పూస్తుంది. ఆ కాయలు తిని ఎలుకలు విపరీతంగా పెరిగి, వెదురు గింజ అయిపోయాక వరి మీద పడతాయి. దాన్ని మౌతామ్ అంటారు. 1911–12లో వచ్చింది, 1959లో వచ్చింది, 2007లో వచ్చింది. అంటే బుహ్‌ఫై థమ్ మొదలైన మరుసటేడే కరువు. గింజ లేని ఏడాది పిడికెడు తీసే అలవాటు చచ్చిపోవాలి, చావలేదు. 1959 కరువులో సాయం చాలక రగిలిన కోపం 1966 తిరుగుబాటు దాకా పోయింది, మార్చిలో ఐజ్వాల్ మీద మన విమానాలే బాంబులు వేశాయి, 1986 ఒప్పందం దాకా ఇరవై ఏళ్లు ఆ గాయం నడిచింది. ఆ ఇద్దరు యువకుల తరువాత వచ్చిన వెల్ష్ మిషనరీలు 1960ల చివరకల్లా వెళ్లిపోయారు. సంఘం మాత్రం పరాయి డబ్బు మీద ఆధారపడకుండా నిలబడింది. విదేశీ చెక్కు ఆగితే మూతబడే బడులు, ఆసుపత్రులు ఎన్నో చూసిన తెలుగువాళ్లకు ఈ ఒక్క వాస్తవం వెళ్లివచ్చిన ఖర్చుకు సరిపోతుంది.

అయితే లెక్కలో రెండో పేజీ కూడా తిప్పాలి. సంఘం తన కాళ్ల మీద నిలబడిన రాష్ట్రంలో ప్రభుత్వం తన కాళ్ల మీద లేదు, ఆదాయంలో సింహభాగం ఢిల్లీ నుంచి వస్తుంది. పండే వరి తిండికి చాలదు. పిడికిలిలోకి వచ్చే బియ్యమూ చాలావరకు మైదానాల్లోంచి కేంద్ర నిల్వల ద్వారా వచ్చినవే. ఆ నిల్వలకు గోదావరి, కృష్ణా కాలువల కింది వరీ చేరుతుంది. సెర్చిప్ దాటాక మార్చి నెలలో కొండవాలులు నల్లగా కనబడతాయి. పోడు కోసం నరికి కాల్చిన చోట్లు. అడవి ఇంకా 85 శాతం దగ్గర ఉందని నివేదికలు చెబుతాయి, అందులో ఎంత ముదురడవో ఎంత పోడు విడిచాక మొలిచిన వెదురో అంకె చెప్పదు. 2024 మే 28న రెమల్ తుఫాను వానకు ఐజ్వాల్ శివార్లలో ఒక రాతి క్వారీ కూలి పదిమందికి పైగా మనుషులు మట్టిలో కలిశారు. వాన దేవుడిది, తవ్వకం మనిషిది. పూటకు పిడికెడు లెక్కపెట్టే చేయి కొండను లెక్కపెట్టలేదు. దేవుడిచ్చినవాటిలో బియ్యం మాత్రమే కానుక, కొండ మాత్రం ముడిసరుకు అనుకునే పొరపాటు మిజోలది మాత్రమే కాదు కానీ, ఇంత చక్కటి అలవాటు ఉన్నచోట అది మరింత కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఆకలితో ఉన్నవాడు పోడు కొట్టక ఏం చేస్తాడని అడగవచ్చు. అడిగేవాళ్లు కడుపు నిండినవాళ్లయితే ఆ ప్రశ్న ఊరకే వచ్చిన దయ. పోడు మానిపించే పథకాలు 1980ల నుంచీ నడుస్తూనే ఉన్నాయి, వాటి వెనక వంటింటి డబ్బాకున్నంత పట్టుదల లేదు.

లుంగ్లేయ్ పక్కన సెర్కాన్ చిన్న ఊరు. 1903లో లొరెయిన్, శావిజ్ బాప్టిస్టు మిషన్ తరఫున తిరిగి వచ్చి స్థిరపడింది ఇక్కడ. దక్షిణ మిజోరంలో బడి, చర్చి, వైద్యం ఈ కొండ నుంచే విస్తరించాయి. ఊరు శుభ్రంగా ఉంటుంది, గాలి చల్లగా ఉంటుంది, చెప్పుకోదగ్గ కట్టడం లేదు. ఎదురుపడ్డ ప్రతి మనిషీ టీ తాగి వెళ్లమంటారు, వాళ్ల థింగ్‌పుయ్ పాలు లేని పలచటి టీ. ఆర్థింగ్టన్ వదిలి ముందుకు సాగిపొమ్మన్న కొండలకే వాళ్లు తిరిగి రావడం ఈ ఊరి చరిత్ర.

తిరుగు దారిలో డోర్నకల్ గుర్తుకు రాక మానదు. 1912 డిసెంబరులో కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు, నిజాం రాజ్యంలోని ఆ చిన్న ఊరిలో తెలుగు మాల మాదిగ పల్లెలకు నేర్పింది సరిగ్గా ఇదే. ఆయన క్రైస్తవ కానుక మీద పుస్తకమే రాశాడు. పేదవాళ్లు పేదవాళ్లు గనుక ఇవ్వనక్కరలేదన్న మాట ఆయనకు అవమానంగా తోచేది. పూట కూలి చేసే ఇంట్లో ఆడవాళ్లు ఎసట్లో పోసేముందు పిడికెడు బియ్యం తీశారు, కోత పండుగకు కోళ్లు, గుమ్మడికాయలు, వడ్ల మూటలు మోసుకొచ్చారు. గుమ్మటాలు, గోపురాలు కలగలిసిన డోర్నకల్ దేవాలయం 1939 జనవరిలో ప్రతిష్ఠ జరిగే నాటికి ఆ పిడికిళ్లు కూడా దాంట్లో ఉన్నాయి. అంటే మనం మిజోరం వెళ్లి నేర్చుకోవలసింది కొత్త సంగతి కాదు, మనం మానేసినది. కొన్ని పల్లె సంఘాల్లో ఆ డబ్బా ఇంకా ఉంది. పట్టణాల్లో దాని స్థానంలో ఫోనులో స్కాన్ చేసే గుర్తు వచ్చింది. అదీ తప్పేమీ కాదు, కానీ దాన్ని స్కాన్ చేసేది భోజనం అయ్యాకే.

మిజోలకు కొండ దగ్గర తప్పిన లెక్క మనకు మిషన్ స్థలాల దగ్గర తప్పింది. మిషనరీలు వదిలిపోయిన బడులు, ఆసుపత్రుల చుట్టూ ఉన్న భూముల మీద కోర్టుల్లో నడుస్తున్న దావాలు తెలుగు క్రైస్తవులకు కొత్త వార్త కాదు. ఈ ఏడాది మీ సంఘంలో కోత పండుగ వేలం జరిగి, కోడి ఎంతకు పోయింది, గుమ్మడికాయ ఎంతకు పోయింది అని లెక్క చదివేటప్పుడు, లేచి నిలబడి ఇంకొక్కటి చదవమనండి. మన మిషన్ స్థలం మొదట ఎన్ని ఎకరాలు, ఇప్పుడు ఎన్ని?